వార్షికోత్సవం క్యాసెట్టును ఇంట్లోనే డీవీడీగా మార్చుకున్న విధం



ఈ సంచికలో కవితలు, జ్ఞాపకాలు రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. మేము మాత్రం ఒక పని గురించి రాస్తున్నాము. ఖాజీపేట హాస్టల్లో ఉండి 2003లో పదవ తరగతి రాసిన వాళ్ళం మేము. ఆ ఏడాది జరిగిన వార్షికోత్సవాన్ని ఒక వీడియో క్యాసెట్టులో తీయించారని మనలో చాలామందికి తెలుసు గానీ, చూసినవాళ్ళు తక్కువ. ఆ క్యాసెట్టును డీవీడీగా ఎలా మార్చుకున్నామో, ఒక్క రూపాయి కూడా సాఫ్ట్‌వేర్‌కు పెట్టకుండా ఎలా చేశామో, ఎక్కడెక్కడ తప్పులు చేశామో చెప్పాలని ఈ వ్యాసం.

ఈ రోజుల్లో డీవీడీ ఎందుకని అడుగుతారు. సెల్‌ఫోన్లో పెట్టి పంపితే పోయేదానికి ఇంత తిప్పలెందుకని మాలో మేమే అనుకున్నాము. కారణం ఒక అమ్మ. మా బ్యాచ్‌లోని ఒక మిత్రుడు కువైట్‌లో పనిచేస్తూ అక్కడే చనిపోయాడు. వాళ్ళమ్మ జమ్మలమడుగు దగ్గర పల్లెలో ఒక్కతే ఉంటుంది. ఆమె దగ్గర కొడుకు ఫోటోలున్నాయి గానీ గొంతు లేదు. క్యాసెట్టు సంగతి ఎవరో చెప్పగా మాకు కబురు పంపింది. ఆమెకు సెల్‌ఫోన్లో వీడియో తెరవడం రాదు, కళ్ళు కూడా సరిగా ఆనవు. ఇంట్లో ఒక పాత టీవీ, దాని కింద డీవీడీ ప్లేయరు ఉన్నాయి. ఆ ప్లేయరు వాడు మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు తెచ్చిందే. అందుకని డీవీడీయే చేయాలని నిర్ణయించుకున్నాము.

అంతకు ముందు ఒకసారి ఈ క్యాసెట్టును దగ్గరి పట్టణంలోని ఒక స్టూడియోకు ఇచ్చారట. వాళ్ళిచ్చిన సీడీలో మొదటి అరగంట మాత్రమే ఉంది. దాని మీద స్టూడియో పేరు, ఫోన్ నంబరు అడ్డంగా పరిగెత్తుతూనే ఉంటాయి. కలెక్టరు గారి సందేశం ఉంది, జ్యోతి ప్రజ్వలన ఉంది, పిల్లల నాటకం లేదు. ఆ సీడీ చూసిన తర్వాతే మనమే కూర్చుని చేసుకుందామనే పట్టుదల వచ్చింది.

ముందు క్యాసెట్టు గురించి చెప్పాలి. అది వీహెచ్ఎస్ రకం. జపాన్‌లోని జేవీసీ కంపెనీ 1976లో మార్కెట్లోకి తెచ్చిన రకం ఇది. లోపల ఉండేది అర అంగుళం వెడల్పు టేపు. ఇరవై ఏళ్ళు బీరువాలో ఉన్న టేపుకు బూజు పట్టి ఉండవచ్చు. క్యాసెట్టు కిటికీలోంచి చూసినప్పుడు టేపు చుట్ట అంచున తెల్లగా మచ్చలు కనబడితే దాన్ని వీసీఆర్‌లో పెట్టకండి. టేపు పాడవుతుంది, వీసీఆర్ హెడ్ కూడా పాడవుతుంది. మన క్యాసెట్టు అదృష్టవశాత్తు శుభ్రంగానే ఉంది. వెనక అంచున ఒక చిన్న ప్లాస్టిక్ పలక ఉంటుంది. దాన్ని విరిచేస్తే ఆ క్యాసెట్టు మీద పొరపాటున కూడా మళ్ళీ రికార్డు కాదు. మేము చేసిన మొదటి పని అదే. ఉన్నది ఒకే ఒక్క ప్రతి.

వీసీఆర్ దొరకడమే కష్టమైంది. ఖాజీపేటలో నాలుగు ఇళ్ళు తిరిగాము, అందరూ పాత సామాన్లవాడికి వేసేశారు. చివరికి ప్రొద్దుటూరులో మన పూర్వ విద్యార్థి ఒకరి ఇంట్లో అటక మీద దొరికింది. మూత విప్పి, హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన మెత్తటి తోలుముక్కతో తుడిచాము. హెడ్‌ను కింది నుంచి పైకి రుద్దకూడదు, అడ్డంగానే తుడవాలి. తర్వాత అక్కరలేని ఒక సినిమా క్యాసెట్టు పెట్టి పరీక్ష చేశాము. అది నలగకుండా ఆడిన తర్వాతే మన క్యాసెట్టు పెట్టాము. ఒకసారి చివరి దాకా ముందుకు తిప్పి, మళ్ళీ వెనక్కి చుట్టాము. ఏళ్ళ తరబడి కదలని టేపు పొరలు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. అలా తిప్పితే వదులవుతాయి.

వీసీఆర్ నుంచి కంప్యూటర్‌లోకి బొమ్మ రావాలంటే మధ్యలో ఒక చిన్న డబ్బీ కావాలి. ఒక వైపు పసుపు, ఎరుపు, తెలుపు పిన్నులు, ఇంకో వైపు యూఎస్‌బీ. వీడియో క్యాప్చర్ డబ్బీ అని అడిగితే ఇస్తారు. పైకి ఒకేలా కనబడినా లోపలి చిప్పు వేరువేరుగా ఉంటుంది, అన్నీ లినక్స్‌లో పనిచేయవు. మేము మొదట తెచ్చింది బొమ్మ చూపించింది గానీ మాట వినిపించలేదు. రెండు రోజులు దాంతో కుస్తీ పట్టి, చివరికి వీసీఆర్ ఆడియో వైరును నేరుగా కంప్యూటర్ వెనక ఉన్న లైన్-ఇన్ రంధ్రంలో పెట్టాము. అంతటితో తీరిపోయింది. ముందే తోచి ఉంటే రెండు రోజులు మిగిలేవి.

కంప్యూటర్ పాతదే. అందులో లినక్స్ మింట్ వేసుకున్నాము. ఇక్కడ ఒక మాట చెప్పాలి. మేము వాడినవన్నీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లు. ఇంగ్లీషులో ‘ఫ్రీ’ అంటే ఉచితమా, స్వేచ్ఛా అని తికమక ఉంది గానీ తెలుగులో ఆ బాధ లేదు, రెండు మాటలూ మనకు వేరువేరుగా ఉన్నాయి. రిచర్డ్ స్టాల్‌మన్ అనే ఆయన 1983లో గ్నూ ప్రాజెక్టును ప్రకటించాడు. ఎవరైనా వాడుకోవచ్చు, లోపల ఎలా పనిచేస్తుందో చూడవచ్చు, మార్చుకోవచ్చు, పక్కవాడికి ప్రతి ఇవ్వవచ్చు అనేవి అందులోని సూత్రాలు. ‘స్వేచ్ఛ’ అనే సంస్థ తెలుగులో కనిపించే లినక్స్‌ను తయారు చేసి పంచింది. దొంగ ప్రతులు వేసుకుని వైరస్‌లతో వేగడం కంటే ఇది మేలు. హాస్టల్ కంప్యూటర్‌లో వేసినా ఎవరూ వచ్చి లైసెన్సు అడగరు.

ఇక క్యాప్చర్. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో చదువుకున్న మన హాస్టల్ తమ్ముడు ఒకడు వచ్చి కూర్చున్నాడు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే పనిముట్టుతో వీడియోను తీసుకున్నాము. దానికి బటన్లుండవు, కమాండు కొట్టాలి. కమాండంటే భయపడేవాళ్ళు విండోస్‌లో వర్చువల్‌డబ్ వాడుకోవచ్చు, అది కూడా స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే. మన దేశపు టీవీ పద్ధతి పాల్. అంటే 720 చుక్కల వెడల్పు, 576 గీతల ఎత్తు, సెకనుకు 25 బొమ్మలు. దీన్ని కుదించకుండా పెడితే గంటకు దాదాపు 74 జీబీ అవుతుంది. ఎఫ్ఎఫ్‌వీ1 అనే పద్ధతిలో కుదిస్తే నాణ్యత ఏమాత్రం పోకుండా సుమారు సగానికి వస్తుంది. మొదటి ప్రతిని ఇలాగే పెద్దదిగా ఉంచుకోండి. మొదట్లోనే చిన్నది చేసుకుంటే తర్వాత దిద్దుబాటు చేసిన ప్రతిసారీ బొమ్మ ఇంకొంత చెడుతుంది.

టేపు మొత్తం 1 గంట 40 నిమిషాలు. అది ఆడుతున్నంత సేపూ ఎవరం లేవలేదు. ట్రంకు పెట్టెల మీద కూర్చున్న చిన్నపిల్లలు, వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ వంట పెద్దమ్మ, చేతిలో గరిటె కూడా దించలేదు ఆమె. గుగ్గిళ్ళ గంప. చెక్కభజన. ఆ తర్వాత నాటకం. నాటకం అయ్యాక మా మిత్రుడు మైకు దగ్గరికి వచ్చి తన పేరు, తరగతి, ఊరు చెప్పి వందన సమర్పణ చేశాడు. అప్పుడు నవ్వినవాళ్ళమే మేమంతా, వాడికి నత్తి వచ్చిందని.

దిద్దుబాటుకు కెడెన్‌లైవ్ వాడాము. గీత మీద వీడియోను పరుచుకుని, అక్కరలేని చోట కత్తిరించి, మిగిలినవి జరుపుకోవడమే. కరెంటు పోయి కెమెరా ఆగిన చోట్ల నీలం తెర వచ్చింది, అవి తీసేశాము. ఉపన్యాసాలు మాత్రం తగ్గించలేదు. పెద్దల మీద గౌరవం ఒక కారణం, ఎవరిది తగ్గించాలో మాలో మాకు కుదరకపోవడం ఇంకో కారణం.

మాట విషయంలో ఎక్కువ కష్టపడ్డాము. మైకులో ‘గుయ్’ మని మోత, వెనక జనరేటర్ చప్పుడు. ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో ఒక సౌకర్యం ఉంది. ఎవరూ మాట్లాడని రెండు మూడు సెకన్లు ఎంచుకుని, ‘ఇదే చప్పుడు’ అని దానికి చూపించాలి. తర్వాత మొత్తం మీద అదే చప్పుడును వెతికి తగ్గిస్తుంది. మేము అత్యాశకు పోయి బాగా తగ్గించాము. మోత పోయింది గానీ మా వాడి గొంతు కుండలోంచి మాట్లాడినట్టు అయింది. వాడి గొంతు కాదది. మళ్ళీ మొదటికి వెళ్ళి సగమే తగ్గించాము. జనరేటర్ చప్పుడు ఇంకా వినబడుతుంది. ఉండనీ అన్నాము.

ఇప్పుడు డీవీడీ సంగతి. చాలామంది చేసే తప్పే మేమూ మొదట చేశాము. తయారైన వీడియో ఫైలును ఖాళీ డిస్కులోకి కాపీ చేసి ప్లేయర్‌లో పెట్టాము. ‘నో డిస్క్’ అని వచ్చింది. అలా చేస్తే అది డేటా డిస్క్ అవుతుంది, వీడియో డీవీడీ కాదు. 1996లో జపాన్‌లో డీవీడీ వచ్చిననాడు ఒక కట్టుబాటు పెట్టారు. పాత ప్లేయర్లు దాన్ని దాటి ఏదీ చదవవు. బొమ్మ ఎంపెగ్-2 లాంటి, ఆ కట్టుబాటు ఒప్పుకున్న పద్ధతిలో ఉండాలి. మాట ఏసీ-3 లాంటి కొన్ని పద్ధతుల్లోనే, సెకనుకు 48 వేల నమూనాలతో ఉండాలి. ఇవన్నీ ‘వీడియో టీఎస్’ అనే ఫోల్డర్‌లో ఉండాలి. ఆ ఫోల్డర్ తెరిచి చూస్తే మూడు రకాల ఫైళ్ళుంటాయి. వీఓబీ అనేవాటిలో బొమ్మా మాటా కలిసి ఉంటాయి, ఒక్కొక్కటి 1 జీబీకి మించదు. ఐఎఫ్ఓ అనేది విషయసూచిక లాంటిది, ఏ పాట ఎక్కడ మొదలవుతుందో ప్లేయరుకు చెబుతుంది. బీయూపీ ఆ విషయసూచికకే మరో ప్రతి, గీత పడి మొదటిది చదవలేకపోతే ఇది పనికొస్తుంది.

ఎంపెగ్-2 పద్ధతి తెలుసుకోదగ్గది. ప్రతి బొమ్మనూ పూర్తిగా రాయదు. ఒక పూర్తి బొమ్మ రాసి, తర్వాత వచ్చే పది పదకొండు బొమ్మల్లో ఏం మారిందో అంతే రాస్తుంది. వేదిక మీద కదలకుండా కూర్చున్న అతిథులకు తక్కువ చోటు పడుతుంది, చెక్కభజనకు ఎక్కువ పడుతుంది. ఒకప్పుడు దీని మీద పేటెంట్లు ఉండేవి. అమెరికాలో వాటిలో చివరిది 2018 ఫిబ్రవరిలో ముగిసింది.

డిస్కులో ఎంత పడుతుందో లెక్క వేసుకోవాలి. ఇది పదవ తరగతి లెక్కే. మామూలు డీవీడీలో 470 కోట్ల బైట్లు పడతాయి. కంప్యూటర్ దాన్నే 1024 లెక్కన 4.38 జీబీ అని చూపిస్తుంది, మోసపోయామని అనుకోకండి. 470 కోట్లను 8తో గుణిస్తే 3,760 కోట్ల బిట్లు. మన వీడియో 100 నిమిషాలు, అంటే 6,000 సెకన్లు. భాగిస్తే సెకనుకు సుమారు 62 లక్షల బిట్లు వస్తాయి. మాటకు 2 లక్షలు, మెనూకు, ఇతర ఖర్చులకు ఇంకొంచెం తీసేసి బొమ్మకు 58 లక్షలు పెట్టాము. కట్టుబాటు ప్రకారం 98 లక్షల దాకా పోవచ్చు గానీ, ఇంట్లో రాసిన డిస్కు అంత వేగం మీద ఉంటే పాత ప్లేయర్లు తడబడతాయి. రెండు గంటలు దాటిన కార్యక్రమమైతే రెండు డిస్కులు చేసుకోవడం మంచిది. వీహెచ్ఎస్‌లో ఉండేదే తక్కువ వివరం కాబట్టి వెడల్పును 352 చుక్కలకు తగ్గించినా నడుస్తుంది, దాన్ని కూడా డీవీడీ కట్టుబాటు ఒప్పుకుంటుంది.

ఈ ఫైళ్ళన్నీ కూర్చే పని డీవీడీఆథర్ అనే సాఫ్ట్‌వేర్ చేస్తుంది. దాన్ని నేరుగా వాడటం కష్టం. డీవీడీస్టైలర్ అనే సాఫ్ట్‌వేర్ పైన కూర్చుని, లోపల ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తోనూ, డీవీడీఆథర్‌తోనూ పని చేయించుకుంటుంది. కొత్త ప్రాజెక్టు తెరవగానే అడిగే చోట పాల్ అని, 4:3 అని తప్పక ఎంచుకోండి. తర్వాత వీడియోలను లాగి కింద వదలడమే. మెనూలో బటన్లు పెట్టి ఏ బటన్ నొక్కితే ఏది ఆడాలో చెప్పాలి. తెలుగు ఒత్తులు చెదరకుండా ఉండాలని మేము మెనూ అక్షరాలను వేరుగా ఇంక్‌స్కేప్‌లో రాసి బొమ్మగా పెట్టుకున్నాము. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు తయారు చేసి అందరికీ ఇచ్చిన వేమన 2000 అక్షరాలు వాడాము. మెనూ అక్షరాలు అంచులకు దూరంగా ఉండాలి. పాత పెట్టె టీవీలు నాలుగు వైపులా కొంత బొమ్మను మింగేస్తాయి. మా మొదటి మెనూలో ‘ఖాజీపేట’లో ‘ఖా’ పోయి ‘జీపేట’ మాత్రమే కనబడింది.

ఇంకో తప్పు మమ్మల్ని వారం రోజులు ఏడిపించింది. పాత టీవీ పద్ధతిలో ప్రతి బొమ్మా రెండు సగాలుగా వస్తుంది, ముందు ఒక వరుస గీతలు, తర్వాత వాటి మధ్య గీతలు. ఏ సగం ముందో సాఫ్ట్‌వేర్‌కు సరిగా చెప్పాలి. మేము తిరగేసి చెప్పాము. కంప్యూటర్‌లో చూస్తే ఏమీ తెలియలేదు. టీవీలో పెడితే చెక్కభజన పిల్లలు ఒక అడుగు ముందుకు, అర అడుగు వెనక్కి వణుకుతూ ఆడారు. వీసీఆర్ నుంచి ఇలాంటి డబ్బీ ద్వారా తీసుకుంటే సాధారణంగా పై సగమే ముందు. మినీ డీవీ క్యాసెట్టు నుంచి తీసుకుంటే కింది సగం ముందు. అందుకని కంప్యూటర్‌లో చూసి బాగుందని మురిసిపోకండి, పెట్టె టీవీలో పరీక్ష చేయండి.

డిస్కు రాసే ముందు డీవీడీస్టైలర్‌తో నేరుగా రాయించకుండా ఐఎస్ఓ ఫైలు తయారు చేయించుకోండి. డిస్కు మొత్తం ఒకే ఫైలుగా ఉంటుంది. దాన్ని వీఎల్‌సీలో తెరిచి మెనూలు అన్నీ నొక్కి చూడవచ్చు. బాగుంటే అప్పుడు కే3బీ లాంటి దాంతో రాయాలి. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో డీవీడీ డ్రైవు ఉండదు గనుక యూఎస్‌బీకి తగిలించే డ్రైవు కావాలి. ప్లస్ ఆర్ కంటే మైనస్ ఆర్ డిస్కులను పాత ప్లేయర్లు బాగా చదువుతాయి. వేగం 4 ఎక్స్ పెట్టుకుని, రాసిన తర్వాత సరిచూసే ఆప్షన్‌ను కూడా ఎంచుకోండి. డిస్కు మీద కాగితం స్టిక్కరు అంటించవద్దు, తిరిగేటప్పుడు బరువు ఒక పక్కకు లాగుతుంది. మెత్తటి మార్కరు పెన్నుతో రాస్తే చాలు. మన జిల్లా ఎండల్లో కిటికీ పక్కన పెడితే డిస్కులోని రంగుపూత వెలిసిపోతుంది. ఏ డిస్కూ శాశ్వతం కాదు కాబట్టి అసలు ఫైలును రెండు వేరువేరు హార్డ్ డిస్కులలో ఉంచాము.

హాస్టల్ కోసం చేసిన దానికి మెనూ ఉంది. ఉపన్యాసాలు, బహుమతులు, చెక్కభజన, నాటకం, అన్నీ విడివిడిగా పెట్టుకోవచ్చు. ఆ అమ్మ కోసం వేరేది చేశాము. ఆమెకు రిమోట్‌లో బాణం గుర్తులు వెతకడం సాధ్యం కాదు. అందుకని మెనూ మొత్తం తీసేశాము. డిస్కు పెట్టగానే ఆడాలి, అయిపోయాక మళ్ళీ మొదటి నుంచి ఆడాలి. డీవీడీస్టైలర్‌లో ప్రతి వీడియోకు ‘అయిపోయిన తర్వాత ఏం చేయాలి’ అని రాసే చోటు ఉంది, అక్కడ మళ్ళీ అదే వీడియోకు వెళ్ళమని రాశాము. అందులో నాటకం, వందన సమర్పణ మాత్రమే ఉన్నాయి. మొత్తం పదకొండు నిమిషాలు.

ముగ్గురం బస్సులో వెళ్ళాము. ప్లేయరు తట్ట దుమ్ము పట్టి బయటికి రాలేదు, సన్నటి పిన్నుతో కింది రంధ్రంలో పొడిస్తే వచ్చింది. ఆ అమ్మ మంచం టీవీకి దగ్గరగా జరుపుకుని కూర్చుంది. నాటకంలో మీసం పెట్టుకున్నవాడిని ముందు గుర్తుపట్టలేదు. వందన సమర్పణలో పేరు చెప్పినప్పుడు గుర్తుపట్టింది. “నా బిడ్డకు భయమైనప్పుడు ఇట్లే నత్తి వచ్చేది నాయనా” అంది. మూడుసార్లు ఆడింది. మేము లేచేటప్పుడు అడిగింది:

“మళ్ళా మొదటికి రావాలంటే ఏం నొక్కాల నాయనా?”

“ఏమీ నొక్కాల్సిన పని లేదమ్మా, అదే వస్తుంది.”

“మరి ఆపాలంటే?”

దానికి మేము ఆలోచించలేదు. రిమోట్‌లో ఎర్ర బటన్ మీద చిన్న ప్లాస్టరు ముక్క అంటించి, చేతికి తగిలేలా చేసి ఇచ్చి వచ్చాము.

క్యాసెట్టును మళ్ళీ హాస్టల్ బీరువాలోనే పెట్టాము. ఐఎస్ఓ ఫైళ్ళు రెండూ పెన్‌డ్రైవ్‌లో వార్డెన్ సారు దగ్గర ఉన్నాయి. కావలసినవాళ్ళు ఖాళీ డిస్కు తెచ్చుకుని రాసుకోవచ్చు. మన పిల్లలు ఆడింది సినిమా పాటలకు కూడా గనుక దీన్ని అమ్మడం, బయట పెట్టడం మాత్రం చేయకండి. పులివెందుల వైపు ఉన్న మిత్రులెవరి దగ్గరైనా 2001, 2002 వార్షికోత్సవాల క్యాసెట్లుంటే, వాటి మీద తెల్లమచ్చలున్నా సరే పారేయకుండా మాకు కబురు చేయండి. వీసీఆర్ ఇంకా మా దగ్గరే ఉంది.